చేప పిల్లల మేతలోనే ఫిల్టర్ శుభ్రత

సికింద్రాబాద్ ఇళ్లలో అక్వేరియం పెట్టుకున్నవాళ్లకు చేప పిల్లలు చాలాసార్లు అనుకోకుండానే వస్తాయి. దుకాణం నుంచి తెచ్చిన గప్పీల్లోనో మాలీల్లోనో ఒకటి అప్పటికే కడుపుతో ఉంటుంది. నెల తిరిగేలోపు తొట్టిలో నాచు సందుల్లో రెండు కళ్లు తప్ప ఒళ్లంటూ కనిపించని పిల్లలు పాతికో ముప్పయ్యో బయటపడతాయి. పెద్ద చేపలు మింగేయకుండా వాటిని చిన్న తొట్టిలోకి మారుస్తారు. త్వరగా బలపడాలని మేత పొడి ధారాళంగా చల్లుతారు. మూడు నాలుగు రోజులకు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడతాయి, ఫిల్టర్ మూసుకుపోతుంది. దాన్ని విప్పి నల్లా కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా కడుగుతారు. మర్నాటి నుంచి పిల్లలు ఒకటొకటిగా చనిపోతాయి. ఫిల్టర్ నాసిరకమనీ, నీళ్లు మంచివి కావనీ, దుకాణం వాడు జబ్బు చేపల్ని అంటగట్టాడనీ అనుకుంటారు. ఇంకా పెద్ద ఫిల్టర్ కొంటారు. నిజానికి ఈ మరణాల్లో చాలావాటికి కారణం మేతను ఒక పనిగా, ఫిల్టర్‌ను ఇంకో పనిగా చూడటమే. ఆ రెండూ ఒకటే పని. ఫిల్టర్‌లో చేరే మురికి ఎంతన్నది మేత చల్లే చేతిలోనే తేలిపోతుంది. కడగడం ఆ తర్వాతి మాట.

ముందు ఫిల్టర్ ఏం చేస్తుందో, ఏం చేయదో చూడాలి. మిగిలిన మేతనూ చేపల మలాన్నీ ఫిల్టర్ పట్టి ఉంచుతుంది. పట్టుకున్నదాన్ని తొట్టిలోంచి బయటికి మాత్రం పంపదు. స్పాంజికి అంటుకున్న మేత ముక్క కంటికి కనిపించకపోవచ్చు, కానీ తొట్టి నీళ్లన్నీ దాని మీదుగానే పోతుంటాయి కాబట్టి అది కుళ్లితే నీళ్లలో కుళ్లినట్టే. ఫిల్టర్ చేసే అసలు మేలు మరొకటి ఉంది. చేపల మొప్పల నుంచి, కుళ్లే మేత నుంచి అమ్మోనియా వస్తుంది. స్పాంజి రంధ్రాల్లో ఇల్లు కట్టుకున్న ఒక రకం సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది చాలావరకు నిరపాయం, అప్పుడప్పుడూ నీళ్లు మారుస్తుంటే పోతుంది. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దం చివర్లో నేలలో గుర్తించిన ప్రక్రియే ఇది. ఈ జీవులు నిదానంగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో అవి సరిపడా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేత మాత్రం మొదటి రోజు నుంచే పడుతుంది. కొత్త తొట్టిలో పిల్లలు చనిపోవడానికి ప్రధాన కారణం ఈ ఎడమే.

ఎంత మేత ఎంత విషమవుతుందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. మార్కెట్లో దొరికే మేత పొడిలో వందకు నలభై పాళ్లు మాంసకృత్తులని అనుకుందాం. మాంసకృత్తుల్లో నత్రజని సుమారు 16 శాతం. అంటే ఒక గ్రాము మేతలో 64 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. చేపల నోట పడని ఆ ఒక్క గ్రాము 40 లీటర్ల తొట్టిలో పూర్తిగా కుళ్లితే లీటరుకు 1.6 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని చేరుతుంది. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయదు, రెండోది మొప్పల్ని కాల్చేస్తుంది. ఏది ఎంత ఉంటుందో నీటి క్షారగుణాన్ని చెప్పే పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 28 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 ఉన్న నీళ్లలో విషరూపం ఒక శాతం కన్నా తక్కువ. అదే వేడిలో పీహెచ్ 8 అయితే అది ఆరున్నర శాతం. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషం దాదాపు తొమ్మిదింతలన్నమాట. మన ఉదాహరణలో అది లీటరుకు 0.1 మిల్లీగ్రాము. చేపల క్షేమం కోసం ఐరోపా మత్స్య నిపుణులు గీసిన హద్దు 0.025. ఒక్క గ్రాము మేతకే ఆ హద్దు నాలుగింతలు దాటుతున్నాం.

ఈ పీహెచ్ మాట సికింద్రాబాద్‌కు ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఇక్కడి బోరు నీళ్లు దక్కను గ్రానైటు పగుళ్లలోంచి ఊరివస్తాయి. వాటిలో ఖనిజాలు ఎక్కువ, అవి సాధారణంగా క్షారం వైపే మొగ్గుతాయి. గప్పీలూ మాలీలూ ఇలాంటి గట్టి నీళ్లను ఇష్టపడతాయి కాబట్టి ఇక్కడ వాటిని పెంచడం తేలికన్న మాటలో నిజముంది. ఆ నీళ్లలోనే అమ్మోనియా ఎక్కువ కాటు వేస్తుందన్నదీ అంతే నిజం. మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వచ్చే నల్లా నీళ్లు కొంత మెత్తన. అయితే చాలా అపార్ట్‌మెంట్లలో నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. ఏ రోజు తొట్టిలో పోసినవి ఏ నీళ్లో ఇంట్లోవాళ్లకే తెలియదు. అలాంటి చోట పీహెచ్‌ను సర్దడం కన్నా అమ్మోనియా పుట్టకుండా చూసుకోవడమే చేతిలో ఉన్న పని.

ఆక్సిజన్ లెక్క ఇంకా కలవరపెడుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి సూక్ష్మజీవులకు సుమారు నాలుగున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. 64 మిల్లీగ్రాములకు అది 290 దాకా వస్తుంది. సికింద్రాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఈ ఎత్తులో, 28 డిగ్రీల వేడిలో లీటరు నీళ్లు పట్టుకోగలిగే ఆక్సిజన్ ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు మాత్రమే. 40 లీటర్ల తొట్టి మొత్తంలో ఒకేసారి కరిగి ఉండగలిగే ఆక్సిజనూ అదే 290 దరిదాపుల్లో ఉంటుంది. పారేసిన ఒక గ్రాము మేత కుళ్లు తీర్చడానికి తొట్టిలో ఉన్న ప్రాణవాయువంతా ఖర్చవుతుందని దీనర్థం. మేతలోని పిండీ కొవ్వూ కుళ్లేటప్పుడు లాక్కునేది ఈ లెక్కలో చేరనేలేదు. గాలి బుడగలు నిరంతరం కొత్త ఆక్సిజన్‌ను తెస్తాయి కాబట్టి చేపలు వెంటనే చావవు. కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగినప్పుడు మాత్రం ఈ అప్పు ఒక్కసారిగా మీద పడుతుంది. మే నెల మధ్యాహ్నం రెండు గంటల కోతకే పిల్లలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ముందు రోజు వేసిన మేతను తలచుకోవాలి.

ఇక్కడ చేపలు పెంచేవాళ్లు గట్టిగానే అడ్డుపడతారు. పసి చేపను పస్తు పెడితే అది బతకదు కదా అంటారు. అది నిజం. గుడ్డు నుంచి బయటపడిన పిల్లకు కడుపు కింద సొన సంచి ఉంటుంది, దాన్ని కరిగించుకుని కొద్ది రోజులు బతుకుతుంది. ఆ సంచి అయిపోయాక చాలా జాతుల పిల్లలకు ఇంకా జీర్ణాశయమే ఏర్పడి ఉండదు. ఉన్నది పొట్టి పేగు. అందులో తిండి నిలవదు, వచ్చింది వచ్చినట్టే సాగిపోతుంది. అందుకే వాటికి మాటిమాటికీ తినాలి. 1963లో బ్లాక్స్‌టర్, హెంపెల్ అనే శాస్త్రవేత్తలు హెర్రింగ్ చేప పిల్లల మీద పనిచేసి ఒక సంగతి తేల్చారు. పస్తు ఒక దశ దాటితే ఎదురుగా తిండి ఉన్నా వేటాడి తినే సత్తువ పిల్లకు ఉండదు, అక్కడి నుంచి వెనక్కి రాలేదు. కాబట్టి మేత తగ్గించమని నేను ఊరికే అనను. ఎన్నిసార్లు వేస్తామన్నది ఒకటి, ఒక్కోసారి ఎంత వేస్తామన్నది మరొకటి. పిల్లకు కావలసింది మొదటిది, ఫిల్టర్‌ను చంపేది రెండోది.

గప్పీ పిల్లలనే తీసుకుందాం. పుట్టగానే ఈదగలిగే ఈ పిల్ల ముప్పాతిక సెంటీమీటరు కూడా ఉండదు. ఒక్కోటి పది మిల్లీగ్రాములు తూగుతుందని దండిగానే అనుకుంటే ముప్పయి పిల్లల మొత్తం బరువు 300 మిల్లీగ్రాములు. రోజుకు తమ బరువులో అయిదో వంతు తిన్నా అన్నిటికీ కలిపి కావలసింది 60 మిల్లీగ్రాములు. రెండు వేళ్ల మధ్య పట్టే చిటికెడు పొడి వంద మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుందనుకుంటే, ఒక్క చిటికెలోనే వాటి రోజు తిండికి మించి ఉంది. పూటకో చిటికెడు చొప్పున నాలుగు పూటలు వేసే ఇంట్లో ముక్కాలు భాగానికి పైగా నేరుగా ఫిల్టర్‌కే పోతోంది. వేళ్లతో ఇంతకన్నా తక్కువ పట్టుకోవడం కుదరదు. అందుకే పంటిపుల్ల మొనను కాస్త తడిపి పొడిలో అద్ది, అంటినంత మాత్రమే నీటి మీద ముంచాలి. అలా రోజుకు అయిదారుసార్లు. చూసేవాళ్లకు ఇది పిసినారితనంలా ఉంటుంది, పిల్లలకు మాత్రం విందే.

ఈ సంగతి తెలుగునాట కొత్తది కాదు. ఫిల్టర్ అనే మాటే లేని చోట, ఎకరాల కొద్దీ నీళ్లలో చేపలనూ రొయ్యలనూ పెంచేవాళ్లు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. ఆంధ్ర తీరంలో వనామీ రొయ్య సాగు 2009లో అనుమతి వచ్చాక విస్తరించింది. ఆ సాగులో సగం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఖర్చు మేతదే. రైతు మేత చల్లేటప్పుడు కొంత చెక్ ట్రేలో వేసి చెరువు అడుగుకు దించుతాడు. గంటో రెండు గంటలో ఆగి పైకి లాగి చూస్తాడు. ట్రే ఖాళీ అయితే తర్వాతి పూట కాస్త పెంచుతాడు. మిగిలితే తగ్గిస్తాడు. మబ్బు పట్టినా, రొయ్య కుబుసం విడిచే రోజులు వచ్చినా మేత కోస్తాడు. మిగిలిన మేత అడుగున నల్లని బురదై చెరువునే చెరుస్తుందని అతనికి తెలుసు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి పంటంతా పోతే అప్పు మిగిలేది అతనికే. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు వైపు బొచ్చె, రోహు పెంచే రైతులు మేతను చల్లడం ఎప్పుడో మానుకున్నారు. తవుడు, నూనె తీసిన చెక్క కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు గడలకు కట్టి వేలాడదీస్తారు. చేప ఆకలైనప్పుడు వచ్చి చిల్లు దగ్గర చప్పరించి పోతుంది. మేత నీళ్లలో చెదరదు, తిననిది సంచిలోనే ఉండిపోతుంది.

చేప పిల్లల రవాణాలో ఈ ఎరుక మరీ కచ్చితంగా కనిపిస్తుంది. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో వదలడానికి చేప పిల్లలను ఉచితంగా పంపిణీ చేస్తోంది. వాటిని ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో ఊళ్లకు తరలిస్తారు. సంచుల్లోకి ఎక్కించే ముందు పిల్లలను హాపా అనే వల గదిలో ఒక రోజు మేత లేకుండా ఉంచుతారు. కడుపు ఖాళీ అయితే దారిలో సంచి నీళ్లు పాడవవు. కడుపులో తిండితో ప్రయాణం కట్టిస్తే పిల్ల తాను విసర్జించిన దాంట్లోనే చస్తుంది. అంగుళం పెరిగిన పిల్లలకు ఒక్క రోజు పస్తు ఏమీ చేయదని కూడా దీంతో రుజువవుతోంది. నీళ్లు తెల్లబడిన రోజు నెల వయసున్న గప్పీ పిల్లలకు ఒకపూట మేత ఆపేయమంటే జంకేవాళ్లు ఈ వ్యాపారాన్ని చూసి ధైర్యపడవచ్చు. నిన్న మొన్న పుట్టినవాటికి మాత్రం ఈ సూత్రం వర్తించదు.

చెరువు వేరు, గాజు తొట్టి వేరు అనవచ్చు. చెరువుకు మట్టి అడుగుంది, ఎండ ఉంది, పచ్చని పాచి ఉంది, గాలికి కదిలే విశాలమైన ఉపరితలం ఉంది. అవన్నీ కొంత తప్పును సర్దుకుంటాయి. గదిలో మూలన ఉన్న 40 లీటర్లకు ఆ వెసులుబాటేదీ లేదు. కాబట్టి చెరువు రైతుకు ఉన్నంత జాగ్రత్త తొట్టి యజమానికి ఉంటే చాలదు, అంతకన్నా ఎక్కువే కావాలి. చెక్ ట్రేను ఇంట్లో అనుకరించడం కష్టమూ కాదు. తొట్టి అడుగున గులకరాళ్లు వేయకుండా ఖాళీగా ఉంచి, ఒక మూల చిన్న గాజు పళ్లెం పెట్టి దాని మీదుగానే మేత వదలాలి. పావుగంట తర్వాత పళ్లెంలో తెల్లని పొర కనిపిస్తే మేత ఎక్కువైనట్టు. ఎయిర్ పంపు సన్న గొట్టంతోనే దాన్ని లాగేయాలి. లాగిన నీళ్లను తెల్లటి గిన్నెలోకి వదిలితే పొరపాటున వచ్చిన పిల్ల ఏదైనా ఉంటే కనిపిస్తుంది, తిరిగి తొట్టిలో వేయవచ్చు. గులకరాళ్లు అందంగా ఉంటాయన్నది నిజమే కానీ వాటి సందుల్లో చేరిన మేత ఏ గొట్టానికీ దొరకదు. పసి చేపల తొట్టికి ఆ అందం అక్కర్లేదు.

ఏ మేత వేస్తామన్నది ఎంత వేస్తామన్నదానికి తక్కువ విషయం కాదు. చచ్చిన తిండి నీళ్లలో పడిన క్షణం నుంచే కుళ్లడం మొదలుపెడుతుంది. బతికున్న తిండి పిల్ల నోట పడేదాకా బతికే ఉంటుంది. కోస్తాలోని రొయ్య హేచరీలు ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి మీద ఆధారపడటానికి ఇదొక కారణం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ఉప్పు సరస్సు లాంటి చోట్ల సేకరించే దాని గుడ్లు ఎండిన పొడిలా ఏళ్ల తరబడి నిలవుంటాయి. లీటరు నీళ్లలో పాతిక గ్రాముల ఉప్పు కలిపి, గుడ్లు వేసి, గాలి బుడగలు పెట్టి వదిలేస్తే ఒక రోజులో అర మిల్లీమీటరు పొడవున్న నారింజ రంగు జీవాలు పుడతాయి. 26 నుంచి 28 డిగ్రీల వేడి చాలు కాబట్టి సికింద్రాబాద్‌లో చలి నెలలు తప్పిస్తే హీటరు పని లేదు. బుడగలు ఆపి సీసాకు ఒక పక్క దీపం పెడితే జీవాలు వెలుతురు వైపు చేరతాయి, గుడ్డు పెంకులు పైకి తేలతాయి. పెంకులు పేగుకు అడ్డం పడతాయి కాబట్టి వాటిని రానీయకూడదు. జీవాలను పల్చటి బట్టలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. మంచినీళ్లలో అవి కొన్ని గంటలు ఈదుతూనే ఉంటాయి. ఇందులో మరో గొప్ప సౌలభ్యముంది. పిల్ల ఒళ్లు గాజులా ఉంటుంది కాబట్టి తిన్న వెంటనే దాని పొట్ట నారింజ రంగుకు తిరుగుతుంది. ఏది తిన్నదో ఏది తినలేదో ఊహించే పని లేదు, కళ్లతో చూసి మేత ఆపవచ్చు.

ఆర్టీమియా గుడ్లు ఖరీదు, గుడ్డు సొన చవక అనే మాట వెంటనే వస్తుంది. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనను బట్టలో వడకట్టి పిల్లలకు వేయడం ఇక్కడ పాత అలవాటు. అందులో పోషణ ఉంది, రేణువులు సన్నగా ఉంటాయి, పిల్ల నోట పడతాయి. పోషణను తప్పుపట్టడం లేదు. పచ్చసొన కొవ్వు నీళ్లలో కరగదు. పైన పొరలా పరుచుకుని గాలి దిగకుండా అడ్డుతుంది, తక్కినది పొగలా చెదిరి నిమిషాల్లో స్పాంజి రంధ్రాల్లోకి చేరుతుంది. గ్లాసెడు నీళ్లలో ఆవగింజంత సొన కలిపి ఆ నీళ్లను చుక్కలుగా వేయగలిగేవాళ్లు, పావుగంటకే మిగిలింది లాగేసేవాళ్లు వాడుకోవచ్చు. ఆ ఓపిక లేని ఇంట్లో చవక సొన వల్ల పోయే పిల్లల ఖరీదు కట్టి చూస్తే ఆర్టీమియా ఖరీదనిపించదు.

ఫైటర్, గౌరామి లాంటి గుడ్లు పెట్టే చేపల పిల్లలు మరీ చిన్నవి. ఆర్టీమియా కూడా మొదటి రోజుల్లో వాటి నోట్లో పట్టదు. వాటికి కంటికి ఆనీ ఆనని సూక్ష్మజీవుల నీళ్లు కావాలి. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలో ఉడికించిన క్యాబేజీ ఆకు ముక్కో, ఎండుగడ్డి పరకలో వేసి నీడలో ఉంచితే ముందు తెల్లబడి, కొద్ది రోజులకు తేటపడుతుంది. తేటపడ్డాక వెలుతురుకు పట్టి చూస్తే దుమ్ములా కదిలేవే ఆ జీవులు. నిలవ నీళ్లలో దోమలు గుడ్లు పెడతాయి కాబట్టి సీసా మూతికి బట్ట కట్టడం మాత్రం మరవకూడదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుక్కున్నది ఈ ఊళ్లోనే, బేగంపేటలో. ఆ భవనం ఇప్పటికీ ఉంది. ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంట్లో నిలవ నీళ్లు పారబోయమని 2020లో నగరమంతా ప్రచారం నడిచింది. చేప పిల్లల పేరుతో బాల్కనీలో దోమల్ని పెంచకూడదు. దుకాణాల్లో అమ్మే ఎర్రని ట్యూబిఫెక్స్ పురుగుల సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. అవి మురుగు నీళ్ల అడుగున పెరిగే జీవులు, జబ్బులు మోసుకొస్తాయి. పసి చేపలకు వద్దు.

ఇక ఫిల్టర్. ఎక్కువ నీళ్లు తోసే ఫిల్టర్ ఎక్కువ శుభ్రం చేస్తుందనుకుని పెద్ద మోటారున్నది కొంటారు. పసి చేపల తొట్టిలో అది రెండు విధాలా చెడుపే. మొదట పిల్లలనే లోపలికి లాగేస్తుంది. లాగకపోయినా ఆ ప్రవాహానికి ఎదురీదడంలోనే అవి తిన్నదంతా ఖర్చవుతుంది. పైగా మేత పిల్లల ముందు నిలవకముందే ఫిల్టర్ నోట్లోకి పోతుంది. పిల్లలకు అందలేదని మళ్లీ చల్లుతారు, అదీ అందులోకే పోతుంది. ఎయిర్ పంపుతో నడిచే మామూలు స్పాంజ్ ఫిల్టర్ వీటన్నిటికన్నా మేలు. బుడగలు పైకి లేస్తూ నీటిని మెల్లగా స్పాంజిలోంచి లాగుతాయి. పిల్లలు దగ్గరకు వెళ్లినా ఇరుక్కోవు, పైగా స్పాంజి మీద పేరుకున్న జిగురు పొరలోని సూక్ష్మజీవులను రోజంతా కొరుక్కు తింటాయి. పెద్ద ఫిల్టరే ఉన్నవాళ్లు దాని మూతికి స్పాంజి ముక్క తొడిగి, వేగం తగ్గించి వాడుకోవచ్చు. ఎవరైనా సరే చేయవలసిన పని ఒకటుంది. పిల్లలు పుట్టకముందే ఆ స్పాంజిని పెద్ద చేపల తొట్టిలో నెలా నెలన్నర నడిపి, సూక్ష్మజీవులు పట్టాక పిల్లల తొట్టిలోకి మార్చాలి. అప్పుడు మొదటి రోజు మేతకు మొదటి రోజే జవాబుంటుంది.

కడిగే తీరులోనే చాలామంది తొట్టి కూలిపోతుంది. నల్లా నీళ్లలో క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం. మన ఆరోగ్యం కోసం కలిపిన ఆ క్లోరినే స్పాంజిలోని మేలుచేసే జీవులనూ చంపుతుంది. గోధుమ రంగు స్పాంజిని తెల్లగా కడిగినవాళ్లు శుభ్రం చేశామనుకుంటారు. నెలన్నర పాటు కట్టుకున్న వ్యవస్థను ఊడ్చిపెట్టి, మేత మాత్రం యథాప్రకారం చల్లుతారు. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లను బకెట్లో పోసి, అందులో స్పాంజిని రెండు మూడు సార్లు పిండితే చాలు. వదులు మురికి పోవాలి, గోధుమ రంగు ఉండాలి. బుడగల జోరు తగ్గినప్పుడు, నీళ్లు లాగడం మందగించినప్పుడు పిండాలి. వారానికి ఒకసారని తేదీ పెట్టుకోనక్కర్లేదు. చిన్న స్పాంజులు రెండు పెట్టుకుని ఒక్కోసారి ఒకదాన్నే పిండితే రెండోది తొట్టిని కాస్తుంది. మేత అదుపులో ఉన్న తొట్టిలో స్పాంజి ఎంతో కాలానికి గానీ మూసుకుపోదు. వారం తిరగకుండానే మూసుకుపోతోందంటే దిద్దుకోవలసింది మేత.

ఫిల్టర్ మీద ఇంత మాట ఎందుకు, అది లేకుండానే పెంచేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వెడల్పాటి టబ్బుల్లో పిల్లలను ఉంచి రోజూ సగం నీళ్లు మార్చి పెంచేవాళ్ల పద్ధతిలో తప్పేమీ లేదు. మురికిని స్పాంజిలో దాచకుండా నేరుగా బయట పారబోస్తున్నారు. కాకపోతే దానికి రోజూ క్లోరిన్ పోయిన నీళ్లు, తొట్టి నీళ్లతో సమానమైన వేడిలో, ముందే సిద్ధంగా ఉండాలి. రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఇంట్లో, ఏప్రిల్ మే నెలల్లో మేడ మీది ట్యాంకు కాగిపోయే ఊళ్లో ఇది అందరికీ కుదిరేది కాదు. ఫిల్టర్ ఉన్నవాళ్లయినా రోజూ పదో వంతు మార్చడం మంచిది. ఆ నీళ్లను ముందు రోజే బకెట్లో పట్టి ఇంట్లో నీడన ఉంచుకోవాలి, లేదా దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడాలి. మొక్కలు పెట్టడం ఇంకా మేలు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు చేపలూ నీటి మొక్కలూ నత్తలూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయని గాజు తొట్టిలో చూపించాడు. జావా మాస్ లాంటి నాచు అమ్మోనియాను పీల్చుకుంటుంది, పిల్లలకు దాక్కునే చోటూ కొరుక్కునే తిండీ ఇస్తుంది. మిగిలింది నత్తలు తినేస్తాయని మేత ఎక్కువ వేయడం మాత్రం కుదరదు. నత్త తిన్నదీ నీళ్లలోకే వస్తుంది.

సికింద్రాబాద్‌కూ హైదరాబాద్‌కూ మధ్య ఉన్న హుస్సేన్ సాగర్ చరిత్ర ఈ వాదానికి బలమిస్తుంది. పదహారో శతాబ్దంలో తవ్విన ఆ చెరువును ఎన్నిసార్లు శుభ్రం చేసినా కూకట్‌పల్లి నాలా లాంటివి మురుగును తెచ్చి పోస్తున్నంతకాలం నీళ్లు పచ్చబడుతూనే వచ్చాయి, చేపలు తేలుతూనే వచ్చాయి. చివరికి జపాన్ రుణంతో చేపట్టిన పథకంలోనూ నాలాలను చెరువులో కలవకముందే మళ్లించడం, శుద్ధి చేయడం ముఖ్యమైన పని అయింది. లోపలికి వచ్చేదాన్ని ఆపకుండా లోపల ఉన్నదాన్ని తోడటం ఎంత పెద్ద ఖజానాకైనా భారమే.

పిల్లలు పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. ముప్పయి పిల్లలు ఆరు వారాలకూ ముప్పయే ఉండవచ్చు, కానీ వాటి మొత్తం బరువు పుట్టిననాటికి ఎన్నో రెట్లవుతుంది, మేతా అంతే పెరుగుతుంది. మొదటి వారానికి చాలిన స్పాంజి ఆరో వారానికి చాలదు. అప్పుడు పిల్లలను రెండు తొట్లలోకి విడదీయాలి. పూటల సంఖ్యను అయిదారు నుంచి మూడుకు, తర్వాత రెండుకు దించాలి. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. అది లేనివాళ్లు కరెంటు పోగానే ముందు మేత ఆపాలి, తర్వాత గ్లాసుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తుండాలి. నాలుగో వారం దాటాక మగ గప్పీల రంగు తేలడం మొదలవుతుంది. అప్పుడే ఆడా మగా వేరు చేయాలి. ఒకసారి జతకట్టిన ఆడ గప్పీ ఆ వీర్యాన్ని దాచుకుని నెలల తరబడి ఈతలు ఈనగలదు. ఆలస్యం చేస్తే తొట్టిలో మరో నూరు నోళ్లు వస్తాయి. ఎక్కువైనవాటిని దుకాణానికో, తొట్టి ఉన్న స్నేహితులకో ఇవ్వాలి. దోమల్ని తింటాయి కదా అని ఊరి చెరువులో వదలకూడదు. గప్పీ దక్షిణ అమెరికా చేప, మన నీళ్లలో పుట్టిన చిన్న చేపల తిండినీ చోటునూ అది లాక్కుంటుంది.